మొదటి గ్లాసు

టీ మూడో పొంగు పొంగాక ఫ్రాన్సిస్ మంట తగ్గించి, మొదటి గ్లాసు లిదియా ముందు పెట్టాడు. కాజీపేట స్టేషన్ బయట ఈ బండి పెట్టుకున్న నాటి నుంచీ అదే పద్ధతి. డ్యూటీ ఎక్కే డ్రైవరు ఎంత తొందరపెట్టినా మొదటి గ్లాసు భార్యకే. రెండు నెలలుగా పొద్దునా సాయంత్రం ఆమె ఐరన్ మాత్ర మింగేది ఆ టీతోనే. నీళ్లతో వేసుకుంటే కడుపులో తిప్పుతోందంటే, పొడి ఇంకొంచెం వేసి మరిగించి ఇవ్వడం ఫ్రాన్సిసే మొదలుపెట్టాడు. పెళ్లాన్ని ఇంత బాగా ఎవడు చూసుకుంటాడని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది, పాపం.

లిదియా రెండు చేతులతో గ్లాసు ఎత్తింది. గోళ్లు సున్నం పూసినట్టున్నాయి. గర్భసంచిలో గడ్డ, నెలనెలా రక్తం ఆగకుండా పోతోంది. రక్తం పెరిగితేనే ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. ఈరోజు మళ్లీ పరీక్ష.

బస్తీ దవాఖాన మెట్ల మీదే ఆమె కూలబడింది. లేపి లోపలికి తీసుకెళ్లాడు. రక్తం తీసి పరీక్షించాక, రిపోర్టు చూసిన నర్సు సుప్రియ మొహం మారిపోయింది.

“పెరుగుడు కాదమ్మా, ఇంకా తగ్గింది. గోలీలు ఏసుకుంటానవా?”

“ఒక్క పూట గూడ తప్పలె,” అంది లిదియా.

“దేంతోని?”

ఫ్రాన్సిస్ ముందుకొచ్చాడు. “నేనే ఇస్తనమ్మా. చిక్కటి చాయ్‌తోని.”

“అయ్యో! చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనియ్యదన్నా. నిమ్మకాయ నీళ్లతోని ఏసుకోవాలె, చాయ్‌కి దూరంగ. చాయ్ ఒక్కదాంతోనే గాదు, రక్తం పోవుడు గూడ శాన ఉన్నది. ఇగ గోలీలతోని అయ్యేది గాదు. ఇయ్యాలనే పెద్ద దవాఖానల చేరున్రి, రక్తం ఎక్కియ్యాలె.”

తన చేత్తోనే, అంత ప్రేమగా, ఇన్నాళ్లూ ఇచ్చాడు. ఫ్రాన్సిస్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చి ఆటోను పిలిచాడు. లిదియా అడ్డుపడింది.

“బట్టలు సర్దుకోవాలె. సాయంత్రం గిరాకీ అయినంక పోదాం. ఎన్నొద్దులు ఉంచుకుంటరో ఏమో.”

“గిరాకీ పాడుగాను! ఇప్పుడే పోదాం.”

“నువ్వట్ల మొహం పెట్టకయ్యా. చాయ్ నాకిష్టమయ్యే తాగిన.”

ఆ మాటకు అతను మెత్తబడి, ఆటోను ఇంటికి పోనిమ్మన్నాడు. ఆమె మాట కాదనడం పెళ్లయిననాటి నుంచీ అతనికి చేతకాలేదు.

సాయంత్రం రైలు దిగినవాళ్లు బండి చుట్టూ మూగారు. ఫ్రాన్సిస్ చేతులు టీ పోస్తున్నా కళ్లు ఆమె మీదే ఉన్నాయి. లిదియా బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు ఎగిసిపడుతున్నాయి. ఇక ఆగలేక స్టవ్ ఆర్పేశాడు.

“చాయ్ లేదు, పోన్రి!”

పక్క కొట్టు వెంకటయ్యను ఆటో తెమ్మని పరుగెత్తించాడు. అది వచ్చేలోపు ఒక్క మాత్రయినా ఒంటికి పట్టనీ అని నిమ్మకాయ పిండి నీళ్లు కలిపి, ఈగలు వాలకుండా సాసరు మూతపెట్టాడు. అట్టలోంచి మాత్ర తీశాడు.

“లిదియా, జర లెవ్వు. ఆటో వస్తాంది.”

ఆమె తల సంచి మీదికి వాలి ఉంది. భుజాలు కదలడం లేదు.

ఫ్రాన్సిస్, వెంకటయ్య ఆమెను ఎత్తి ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు పరుగెత్తారు. అక్కడ డాక్టరు ఆమె నాడి పట్టి చూసి, తల అడ్డంగా ఊపి, ఆ చేతిని మెల్లగా మంచం మీద పెట్టేశాడు.

తెల్లారి బండి దగ్గర పొయ్యి వెలగలేదు. బల్ల మీద సాసరు మూతపెట్టిన గ్లాసు, దాని పక్కన మాత్ర అలాగే ఉన్నాయి.