కూర్చున్న అన్న ముందు

కియోమికి పదిహేనేళ్లు. జట్టులో ఆడపిల్లలందరికంటే పొడుగు. నిటారుగా నిలబడి చేయి చాపితే బంతి రింగులో పెట్టినట్టే పడేది. కానీ ఆ పిల్ల నిటారుగా నిలబడదు. బంతి చేతికి రాగానే మోకాళ్లు మడిచి, నడుము వంచి, పీతలా పక్కకు పోయేది. బడిలో ఆటల మాస్టరు ఒకసారి వచ్చి చూసి, ఈ పిల్ల నడుములో ఏదో లోపముంది, ఆసుపత్రికి తీసుకెళ్లండి అని పిల్ల పెద్దమ్మ నెసికోకు చెప్పి వెళ్లాడు. ఆయన ఎక్కడినుంచో వచ్చినవాడు. నెసికో సరేనని తలూపింది. జబ్బు ఆ పిల్లది కాదని ఆయనకు చెప్పి ఏం లాభం?

మైదానం చర్చి దిగువన, సముద్రపు ఒడ్డునే ఉంది. దాన్ని ఆనుకునే కియోమి అన్న ఇల్లు. అతని పేరు ఆన్సితో. అతనికి ముప్పై ఏళ్లు నిండలేదు. ఒకప్పుడు వెనో దీవిలోనే కాదు, చుట్టూ ఉన్న దీవుల్లో ఎక్కడా బాస్కెట్‌బాల్‌లో అతనికి ఎదురు లేదు. షుగరు వచ్చి ముందు కాలివేలు పోయింది, తర్వాత పాదం, చివరికి మోకాలి దాకా తీసేశారు. సాయంత్రమైతే వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఆట చూడకుండా అతనికి పొద్దు పోదు. ఆ దీవుల్లో అన్న కూర్చుని ఉంటే చెల్లెలు నిలబడకూడదు, అతని తలకంటే ఆమె తల పైకి రాకూడదు. కియోమి మరిచిపోదామనుకున్నా ఆమె మోకాళ్లు మరిచిపోవు.

నెసికో వాళ్ల తల్లికి అక్క. తల్లి పోయినప్పటినుంచి కియోమి ఆమె ఇంట్లోనే పెరిగింది. ఊరి జట్టుకు ఆట నేర్పే మనిషి పని వెతుక్కుంటూ గువామ్ వెళ్లిపోతే, ఇంకెవరూ ముందుకు రాక ఆ పని నెసికో మీద పడింది. వయసులో ఉన్నప్పుడు పొడుగు స్కర్టులోనే ఆడిన మనిషి. ఆమెకు ఆట తెలుసు. పిల్లలతోనే చిక్కు. వాళ్లు తమ వంశం వాళ్లకు తప్ప ఇంకొకరికి బంతి ఇవ్వరు. ఎదురుగా ఖాళీగా ఉన్న పిల్లను వదిలి, నలుగురి మధ్య ఇరుక్కున్న పినతల్లి కూతురికే విసురుతారు. బంతి పోగొట్టుకున్న పిల్ల చొక్కా పైకి లాగి ముఖం కప్పుకుంటుంది. ఓడితే రెండేసి రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నెసికో అక్కచెల్లెళ్లను విడదీసి చెరోవైపు ఆడించింది. ముఖం కప్పుకున్న పిల్లతో, "కప్పుకో తల్లీ, కప్పుకో. బంతి ఎటు పోయిందో అవతలి ఊరివాళ్లు చూసి చెబుతార్లే," అనేది. మిగతావాళ్లు నవ్వేవాళ్లు, ఆ పిల్లా చొక్కాలోనే నవ్వేది. నెలలు గడిచేసరికి అవన్నీ దారికొచ్చాయి. కియోమి నడుము ఒక్కటే దారికి రాలేదు.

చివరికి నెసికో ఆన్సితో దగ్గరికి వెళ్లింది. పెద్దమ్మంటే తల్లే కాబట్టి అతనితో ఏ మాటైనా అనగలదు. అయినా ఆ మాట ఆమెకు తేలిగ్గా రాలేదు. సముద్రాన్ని గురించి, చేపల్ని గురించి కాసేపు మాట్లాడి, పిల్లలు ఆడేంతసేపూ లోపల ఉండగలవా నాయనా అని అడిగింది.  అతను కుర్చీని తనే వెనక్కి జరుపుకుంటూ ఇంట్లోకి పోయాడు. కిటికీ రెక్కలు మూసిన చప్పుడు ఆమెకు వినబడింది.

ఆ రోజే కియోమి మొదటిసారి నిలబడి బంతి వేసింది.

ఆట అయ్యాక నెసికో చేప, దంచిన సీమపనస ముద్ద తీసుకుని అతని ఇంటికి వెళ్లింది. చీకట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. తిట్టినా పడాలనుకుని వెళ్లింది.

"అది బంతిని కుడిచేత్తోనే కొడుతోంది పెద్దమ్మా," అన్నాడతను. "ఎడమచేత్తో రెండు దెబ్బలు కొట్టి మళ్లీ కుడికి పోతోంది. నేను చెప్పాననొద్దు. నువ్వే చూసినట్టు చెప్పు."

మైదానంలో పదిమంది పిల్లలు పరుగెడుతుంటే, మూసిన కిటికీ వెనక కూర్చుని చెల్లెలి బంతి ఏదో చెవులతో ఏరుకున్నాడు. అన్న చెల్లెలికి ఎదురుగా ఆట నేర్పలేడు. ఒళ్లు తాకకూడదు, గట్టిగా కేకేయకూడదు. ఆ రోజునుంచి అతను పెద్దమ్మకు చెప్పేవాడు, పెద్దమ్మ పిల్లకు చెప్పేది. పరుగు ఆపకముందే ఎగురుతోందనీ, అలిసిపోగానే బంతిని నేలకేసి గట్టిగా కొడుతోందనీ. కియోమి అన్నీ వినేది. ఆ మాటలు పెద్దమ్మవి కావని ఆ పిల్లకు ఎప్పుడు తెలిసిందో నెసికోకు తెలియదు. ఒకరోజు మాత్రం, "ఈరోజు నా గురించి ఏం చూశావు పెద్దమ్మా?" అని అడుగుతూ కళ్లు నేలకు దించుకుంది.

సీమపనస కాపు మొదలయ్యేసరికి ఆన్సితోకు చూపు మందగించింది. మూత్రపిండాలు కూడా పని మానేస్తున్నాయని ఆసుపత్రిలో చెప్పారు. దానికి పెట్టే యంత్రం ఆ దీవుల్లో లేదు. అతనేమీ బాధపడినట్టు కనిపించలేదు. ఒక్క మాటే అడిగాడు.

"ఒక్క ఆట చూస్తాను పెద్దమ్మా. కళ్లు పూర్తిగా పోకముందు. అది నిలబడి బంతి వేస్తుంటే ఒక్కసారి చూస్తే చాలు."

ఆ ఏడు ఊళ్ల పోటీల ఫైనల్ వాళ్ల మైదానంలోనే పడింది. నెసికో ఆ వారమంతా ఒకటే ఆలోచించింది. నిలబడలేని మనిషి కూర్చోవాల్సిందే. అతను కూర్చుంటే పిల్ల నిలబడదు. చివరికి ఆమె చూపు చర్చి పక్కన వాననీళ్ల ట్యాంకు దగ్గర ఆగింది. సిమెంటు ట్యాంకు, పైకప్పు చదునుగా ఉంటుంది. కియోమిని పిలిచి దాని పక్కన నిలబెట్టి, చేయెత్తి ఎగరమంది. వేళ్లు అంచుకు అందలేదు. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. ఎగిరి దిగాక ట్యాంకు పైకి ఒకసారి చూసి, పెద్దమ్మను పట్టుకుని ఏడ్చింది.

శనివారం మధ్యాహ్నం నలుగురు మగవాళ్లు ఆన్సితోను కుర్చీతో సహా నిచ్చెన మీదుగా ట్యాంకు పైకి చేర్చారు. అతను తెల్లచొక్కా వేసుకున్నాడు. కింద పాస్టరుగారు, ఊరిపెద్దలు, అవతలి ఊరినుంచి పడవల్లో వచ్చిన జనం. అందరికంటే ఎత్తున అతనొక్కడే.

కియోమి మైదానంలోకి వచ్చి ఒక్క క్షణం తడబడింది. మోకాళ్లు మడతబడబోయాయి. తలెత్తి చూసి, మళ్లీ నిలబడింది. మొదటి బంతి సెరిఫీనా అందించింది. ఆమె కియోమి వంశం కాదు, చుట్టం కాదు. కియోమి ఆ బంతిని అందుకుని, ఆగి, ఎగిరి వేసింది. రింగును తాకకుండా పడింది. రెండోది ఎడమచేత్తో తెచ్చి వేసింది. నెసికో ఆటను వదిలేసి ట్యాంకు వైపే చూస్తోంది. ఆన్సితో ముందుకు వంగి ఉన్నాడు.

మూడో బంతి అవతలి ఊరి పిల్ల తల మీదుగా కియోమి అందుకున్నప్పుడు, పడవల దగ్గర నిలబడ్డ కుర్రాడొకడు నోరు జారాడు.

"ఈ కొబ్బరిచెట్టును కట్టుకున్నవాడికి సీమపనస కోయడానికి గెడ కూడా అక్కర్లేదురా!"

మాటలో చెడ్డేమీ లేదు. అన్న లేనిచోట అయితే ఆ పిల్లే ముందు నవ్వేది. జనంలో ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. అంతలోనే ఎవరో ట్యాంకు వైపు చూశారు. నవ్వు ఆగిపోయింది.

అన్న వినగా చెల్లెలి పెళ్లి మాట, మొగుడి మాట ఎవరూ అనరు. అంటే అన్న లేచి వెళ్లిపోతాడు. వినలేదన్నట్టు వెళ్లిపోతాడు. దాంతో చెల్లెలి పరువు నిలబడుతుంది. అందుకే నలుగురు చేరేచోటికి అన్నాచెల్లెళ్లు కలిసి రారు, వస్తే అన్న బయటికి దారి ఉన్న పక్కనే నిలబడతాడు. ఇది నెసికోకు చిన్నప్పటినుంచీ తెలుసు. వారమంతా ఆమె ఎత్తు ఒక్కటే కొలుచుకుంది. దిగే దారి ఆమెకు తట్టలేదు.

ఆన్సితో నిచ్చెన కోసం చూశాడు. నిచ్చెన తీసి చర్చి గోడకు ఆనించి ఉంది. ఎత్తిన మగవాళ్లు జనం అవతలి పక్కన ఉన్నారు. అతను కుర్చీ చేతుల మీద బలం మోపి లేవబోయాడు. మళ్లీ కూలబడ్డాడు. అటు తిరిగి కూర్చుందామంటే ఆ ఇరుకు చోట కుర్చీ తిరగదు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. వినేశాక మూసుకున్న చెవులు. ఊరంతా అది చూసింది.

కియోమి బంతి వదిలేసింది. మైదానం మధ్యలో నేలమీద కూర్చుని తల మోకాళ్లలో పెట్టుకుంది. నిచ్చెన తెచ్చి, అతన్ని దించి, ఇంట్లోకి మోసుకెళ్లి తలుపు వేసేదాకా ఎవరూ కదల్లేదు. పిల్ల తల ఎత్తలేదు. తర్వాత మిగిలినవాళ్లు ఆట పూర్తి చేశారు. ఎవరు గెలిచారో నెసికోకు రాత్రి సెరిఫీనా వచ్చి చెప్పేదాకా తెలియదు.

తెల్లారగానే ఆ కుర్రాడి మేనమామలు బుట్టలనిండా తిండి పట్టుకొచ్చి ఆన్సితో గుమ్మంలో కూర్చున్నారు. కుర్రాడు నేలకు తల ఆనించి ఉండిపోయాడు. ట్యాంకు మీది మనిషి ఎవరో తనకు తెలియదని అన్నాడు, అది నిజమే. ఆన్సితో వాళ్లిచ్చింది తీసుకున్నాడు. కుర్రాడికి కాఫీ పోయించి పంపాడు.

వాళ్లు వెళ్లాక పెద్దమ్మతో, తనను తోల్ దీవిలో తండ్రి మనుషుల దగ్గరికి పంపించమన్నాడు. నెసికో వద్దంది. తప్పంతా తనదేనంది, నువ్వెందుకు పోవాలంది.

"తప్పు గురించి కాదు," అన్నాడతను. "ఇప్పుడు బంతి చప్పుడు వినబడితే నాకు ఆ మాటే వినబడుతుంది. నేను వింటున్నానని దానికి తెలుసు. ఇంక ఎట్లా ఆడుతుంది? ఎవరో ఒకరు పోవాలి. దానికి బడి ఉంది."

అక్కడ నిన్నెవరు చూస్తారని ఆమె అడిగింది. ఎవరైనా ఇంకెన్నాళ్లు చూడాలిలే అన్నాడు.

కాసేపటికి నెసికో అడగకుండా ఉండలేకపోయింది. "ఆ మొదటి రెండూ చూశావా నాయనా?"

ఆన్సితో నవ్వాడు. "కింద రంగులు కదిలాయి పెద్దమ్మా. ఎండ. అందులో ఏది మా పిల్లో తెలియలేదు. ఇంట్లో కూర్చున్నప్పుడే బాగా కనబడేది."

సోమవారం పోటు వచ్చాక పడవ కట్టారు. ఆన్సితోను ఎత్తి నడిమి బల్ల మీద కూర్చోబెట్టారు. అతని ఒడిలో చాప, మందుల సంచి. కియోమి ఒడ్డున దూరంగా, ఇసుకలో కూర్చుని ఉంది. చెల్లెలు వీడ్కోలు మాట చెప్పకూడదు, అన్న వెనక్కి తిరిగి పిలవకూడదు. ఇద్దరూ సముద్రాన్నే చూశారు. పడవ నడిపేవాడు ఇంజను తాడు లాగాడు.

నెసికో వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది.

"అన్న చూశాడా?" అంది కియోమి.

"చూశాడు," అంది నెసికో. "రెండూ చూశాడు."

 పడవ చిన్నదై, తెల్లచుక్కై, తోల్ కొండల నీడలో కలిసిపోయింది. ఎండ నెత్తికెక్కింది. మైదానంలో మిగతా పిల్లలు పెద్దమ్మ కోసం ఎదురుచూస్తూ ఊరికే నిలబడి ఉన్నారు. నెసికో లేచి, ఇసుక దులుపుకుని చేయి అందించింది.

"లే అమ్మా. పడవ పోయింది. ఇంక కనబడదు."

కియోమి ఆ చేయి పట్టుకోలేదు.

"పడవలో అన్న ఇంకా కూర్చునే ఉన్నాడు కదా పెద్దమ్మా," అంది.