ఎదురెవలొస్తరు

సక్కుబాయి సముద్రాన్ని మొదటిసారి చూసింది తన ఇంటి నడిమింట్లో, గచ్చు మీద. మూలలు లేచిపోకుండా దానికి బరువులు పెట్టే పని ఆమెదే. ఒక మూలకు రోటి పొత్రం, ఒక మూలకు పప్పు డబ్బా, ఇంకో మూలకు ఇస్త్రీ పెట్టె. నాలుగో మూలకు ఏమీ దొరక్క తనే మోకాలు ఆనించి కూర్చుంది. "గింత చాయ్ తేపో," అన్నాడు భర్త భిక్షపతి, పటం మీంచి తల ఎత్తకుండానే. మోకాలు తీస్తే పటం చుట్టుకుపోతుంది. తియ్యకపోతే చాయ్ రాదు. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ ఇలా రెండు చోట్ల ఉండాల్సిందే.

భిక్షపతి కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేవీలో చేసి వచ్చి అదే ఫ్యాక్టరీలో చేరిన ఇస్సాకు, ఆదివారాలు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడుపుతూ భిక్షపతికీ, పక్క మిషన్ మీద పనిచేసే వెంకటనారాయణకూ ఆ పిచ్చి అంటించాడు. ఈ చలికాలం ముగ్గురూ కార్వార్ వెళ్లాలి, అక్కడ ఇస్సాకు దోస్తు పడవ తీసుకోవాలి, ఒడ్డుకు ఎదురుగా గుంపుగా ఉన్న దీవుల చుట్టూ తిరిగి రావాలి. ఇదీ ప్లాను. పటం పరిచేంత జాగా కిషన్‌బాగ్‌లోని ఈ ఇంట్లోనే ఉంది కనక డ్యూటీ దిగగానే అందరూ ఇక్కడికే చేరేవాళ్లు. ఏ దీవి దగ్గర ఆగాలి, గాలి ఎటు తిరిగితే ఎటు మళ్లాలి అని లొల్లి లొల్లిగా మాట్లాడుకునేవాళ్లు. ప్లాను వేసేది ముగ్గురు. చాయ్‌లు కాచి, మిర్చీలు వేసి, బీడీ ముక్కలు ఊడ్చేది ఒక్కతి.

ఊడుస్తూ ఊడుస్తూనే ఆమె పటం చూడటం నేర్చుకుంది. అందులో భూమి అంతా ఉత్త ఖాళీ. ఊళ్లు లేవు, ఇళ్లు లేవు, పొయ్యిలు లేవు. రాతంతా నీళ్ల మీదే ఉంది, ఎటు చూసినా అంకెలే. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది, అవేమిటని.

"గవి లోతులు వదినె," అన్నాడు ఇస్సాకు. "ఏడేడ ఎన్ని బారల లోతుందో లెక్క. తాడు ఇడిసి సూసి రాసిండ్రు."

"ఇన్ని జాగలల్ల తాడు ఇడిసిండ్రా?"

"ఇడిసిండ్రు మరి."

సక్కుబాయి చీపురు పక్కన పెట్టి ఆ అంకెలు మళ్లీ చూసింది. కంటికి కనపడని అడుగును కూడా ఎవరో అంత ఓపికగా వెతికి, ఇక్కడ నువ్వు ఇంత లోతున్నావని రాసిపెట్టారు. తను ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్లయింది. తన లోపలికి ఒక్క మూర తాడైనా ఎవరూ విడిచి చూడలేదు.

మగవాళ్లు లేచి వెళ్లాక అత్త చంద్రమ్మ వంటింట్లోంచి వచ్చి పటం పక్కన కూలబడేది. "అవుతలి ఒడ్డు ఏడుందే?" అని వేలితో వెతికేది.

"లేదత్తమ్మా. కాయిదం అయిపోయింది గని ఒడ్డు రాలే."

చంద్రమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకునేది. ఇద్దరికీ తెలిసిన పెద్ద నీళ్లంటే మీరాలం చెరువే. ఆ పటం ముందు ఇద్దరూ దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చునేవాళ్లు.

కార్వార్ దోస్తు దగ్గర పడవ ఉంది కానీ మంచి తెరచాప లేదు. ఇస్సాకు ఎక్కడినుంచో పాతది ఒకటి తెచ్చాడు, నిండా చిరుగులే. "ఇంట్ల మిషను ఉంది గద, కుడ్తది," అన్నాడు భిక్షపతి. కుడతావా అని ఆమెను అడగలేదు. ఆ గుడ్డకు మిషను సూదులు విరిగిపోతే దబ్బనంతో కుట్టింది. వేళ్లు బొబ్బలెక్కాయి. కుట్టడం అయ్యాక, ఇంకా చిల్లులు ఉన్నాయేమో వెలుతురులో చూద్దామని మిద్దె మీదికి తీసుకెళ్లింది. ఒక అంచు బట్టలారేసే గుంజకు కట్టి, రెండో అంచు పట్టుకొని విప్పింది.

చుట్టూ మిద్దెల మీద పిల్లలు పతంగులు ఎగరేస్తున్నారు. తెగిన పతంగి వెనక "అఫా" అని కేకలు. అంతలో చెరువు వైపు నుంచి గాలి వచ్చింది. తెరచాప ఒక్కసారిగా నిండింది. ఆమెను పట్టి లాగింది. కాళ్లు ఈడ్చుకుంటూ పిట్టగోడ దాకా పోయింది. అయినా పట్టు విడవలేదు. ఆ గుడ్డ తన చేతుల్లో ప్రాణం వచ్చి కొట్టుకుంటుంటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం కాదు. ఇది రోజూ చీరలారే గాలే. దీనికి ఇంత బలముందని, పట్టుకుంటే మనిషిని తీసుకుపోతుందని ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదు. ఈ గాలి మోసుకుపోయే చోటికి పోవాలని, ఒడ్డు లేని ఆ నీళ్లు కళ్లారా చూడాలని ఆ క్షణాన గట్టిగా అనిపించింది. అంత గట్టిగా ఆమె దేన్నీ కోరుకొని ఎరగదు.

అదను దానంతటదే వచ్చింది. వెంకటనారాయణ బాత్రూంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇస్సాకు తల పట్టుకున్నాడు. "ఇద్దరితోని కాదన్నా. గాలి జోరుగొస్తే పడవ ఒరుగుతది. అవుతలి అంచుకు ఒకలు బరువు కూసోవాలె."

చాయ్ గ్లాసులు దించుతూ సక్కుబాయి అంది, "నేను కూసుంట."

భిక్షపతి పగలబడి నవ్వాడు. "సముద్రమంటే మీరాలం చెరువు అనుకున్నవా ఏంది?"

"నవ్వకన్నా," అన్నాడు ఇస్సాకు. "వదినె కుట్టిన గుడ్డనే గద మనల గుంజుకపోయేది. నాకైతే ఏం తక్లీబ్ లేదు."

"ఏ, ఆడనే ఎవలన్న దొర్కుతరు తియ్యి." భిక్షపతి గ్లాసు అందుకున్నాడు. "అయినా నువ్వు గూడ పడవెక్కితే మాకు ఎదురెవలొస్తరు?"

తన హాస్యానికి తనే మళ్లీ నవ్వాడు. ఆమెకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. ముత్తైదువ నిండు బిందెతో ఎదురొస్తే పోయిన పని సక్కగవుతుందని ఆ ఇంటి నమ్మకం. భర్త డ్యూటీకి పోయినా, మరిది పరీక్షకు పోయినా గల్లీ నల్లా దగ్గర బిందె నింపుకొని ఆమే ఎదురొచ్చేది. ఆ వేళకు చంద్రమ్మ వంటింటి తలుపు వెనక్కి తప్పుకునేది. మామ పోయినప్పటినుంచీ అంతే. ఎవరూ చెప్పనక్కర్లేదు, తనే పోయి నిలబడేది. సక్కుబాయికి ఇప్పుడు తోచింది. ఒకామె తలుపు వెనక. ఇంకొకామె వీధిలో. కానీ ఎదురొచ్చే మనిషి ఎప్పుడూ ఇంటి వైపే నడుస్తుంది.

ప్రయాణం రోజు పొద్దున్నే ఇస్సాకు తెరచాప మూట భుజానేసుకొని గల్లీలో నిలబడ్డాడు. సక్కుబాయి ఎప్పట్లాగే నిండు బిందెతో ఎదురొచ్చింది. భిక్షపతి ఆమెను చూసి, దండం పెట్టుకొని గడప దాటాడు. ఆమె లోపలికొచ్చి బిందెను వంటింటి తలుపు దగ్గర దించింది. బియ్యం బస్తా చాటున దాచిన సంచి తీసుకుంది.

"అత్తమ్మా, జర బయటికి రాండ్రి. నాకు ఎదురు రావాలె."

చంద్రమ్మ బిత్తరపోయింది. "నేనా? నేను రావద్దు బిడ్డా. మంచిగుండది."

"మంచో చెడో నేను సూస్కుంట. నాకు మీరే రావాలె."

చంద్రమ్మ కోడలి చేతిలో సంచి చూసింది. బిందె వైపు చూసింది. చివరికి వంగి, బిందెను అంట్ల తొట్టిలో వంపేసింది. "గివి వానికొచ్చిన నీళ్లు. నీకు కొత్తయి పట్టాలె," అని వెనక తలుపు గుండా వెళ్లింది.

"లోపలేం జేస్తున్నవే, తలుపేస్కో," అని కేకేశాడు భిక్షపతి.

సక్కుబాయి గడప లోపలి వైపు వచ్చి నిలబడింది, చేతిలో సంచితో. "నేనొస్తున్న."

"పిచ్చిగిన లేసిందా?" అతను ఒక్క అంగలో వాకిట్లోకొచ్చి గడప ముందు ఆగిపోయాడు. ఎదురు చూసుకొని గడప దాటిన మనిషి మళ్లీ లోపల అడుగు పెట్టకూడదు. ఆ నమ్మకం అతనిదే. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇస్సాకు మూట సర్దుకునే వంకతో మొహం అటు తిప్పుకున్నాడు.

అప్పుడు గల్లీ చివరినుంచి చంద్రమ్మ వచ్చింది. బోసి నుదురు, నడుం మీద నిండు బిందె. పక్కింటివాళ్లు తలుపుల్లోకి వచ్చి చూస్తున్నారు. ఆమె అటూ ఇటూ చూడలేదు.

"అమ్మా, నువ్వు ఎదురొస్తున్నవేందే?" అన్నాడు భిక్షపతి.

చంద్రమ్మ ఆగలేదు. కొడుకును దాటుకుంటూ అంది, "నువ్వు భూమ్మీద పడంగనే మొదలు నీ ఎదురుగున్నది నేనే గదరా. గప్పుడు నీకేమైంది?"

అతను పక్కకు జరిగాడు. పెళ్లయి ఈ ఇంట్లోకొచ్చిన నాడు ముందు పెట్టిన కుడికాలునే మళ్లీ ముందు పెట్టి, సక్కుబాయి గడప దాటింది.