హంసల అట్టలు

అటక మీద ఇంతకాలం పడున్నా, మగ్గం మీద చీరకు హంసల్ని దించే ఈ బెజ్జాల అట్టలకు మా ఆయన బీడీ వాసన పోలేదు, అప్పట్లో ముక్కు మూసుకుని తిట్టేదాన్ని, ఇప్పుడు మొహానికి ఆనించుకుని పీలుస్తున్నాను, సిగ్గు లేదు నాకు, కొత్త దారంతో అట్టకు అట్ట కుట్టుకుంటూ పోతుంటే ఎండ బెజ్జాల్లోంచి జారి నా ఒళ్లో చుక్కలు చుక్కలుగా పడుతోంది, మంచం మీదినుంచి ఆయన చూస్తున్నాడో లేదో, పక్షవాతం వచ్చినప్పటినుంచి నోట మాట లేదు, నన్ను చూసినా గోడను చూసినట్టే, మగ్గం మరిది జయన్న చేతికి పోయింది, ఆదోనిలో పూలంచు చీరలే పోతాండాయి వదినా, శేషన్న హంసలు ఎవరికీ వద్దంట అని వీటిని విప్పి అటకెక్కించాడు, ఒక్క చీర, ఒక్కటంటే ఒక్కటి, తన హంసల్ని చూస్తే ఈ మనిషికి నేనెవరో గుర్తొస్తుందేమోనని రోజూ పోరి వాణ్ణి ఒప్పించాను.

జకార్డు పెట్టెకు అట్టల దండ ఎక్కింది, జయన్న కాలితో నొక్కగానే అదే పాత చప్పుడు, జోకొట్టే చప్పుడు, ఆయన వేళ్లు కదిలాయా, గాలికి దుప్పటి కదిలిందా, గుడ్డ బోర్లా నేస్తాం గనక జయన్న కింద అద్దం పెట్టి చూసి, హంసకు కన్ను మెడ మీద పడింది వదినా, అన్నిటికీ అట్లే ఉంది, శేషన్న అట్టకు బెజ్జం తప్పు కొట్టినాడు, సరిచేసేదా అన్నాడు, తప్పా, ఆయనా, ఒక్క బెజ్జం వంకరపోతే అన్నం సహించని మనిషి, నవ్వొచ్చింది నాకు, ఆ నవ్వులోనే ఎక్కడో పెళ్లైన కొత్త, మధ్యాహ్నం, నువ్వొకటి కొట్టు సూస్తామని ఉలి నా చేతికిచ్చి కూర్చున్న ఆయన, కునికిపాట్లు పడుతూ నేను కొట్టిన అట్ట, కన్ను జారిందని తెలిసి ఏడుపు మొహం పెడితే, పోనీలే, ఇంకోటి కొట్టుకుందాం అన్నాడు, పారేశాడనే అనుకున్నాను ఇన్నేళ్లూ.

ఆ అట్ట విప్పి చేతిలోకి తీసుకున్నాను, ఇది నేను కొట్టింది కాదు, నావి వంకరటింకర బెజ్జాలు, ఇవి తీర్చిదిద్దినట్టున్నాయి, ఆయన చేతివే, అరిగిపోయిన ప్రతిసారీ కొత్త అట్టలు కొట్టేవాడు కదా, కొట్టిన ప్రతిసారీ నా తప్పు చూసి, అదే చోట, కావాలనే కొట్టాడన్నమాట, నాకేం తెలుసు, నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చున్నదాన్ని, మా మగ్గం చీర నేను కట్టిందెప్పుడు, ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదని అక్కచెల్లెళ్లందరి దగ్గరా ఆయన్ని ఆడిపోసుకున్నాను, జయన్న ఉలి పట్టుకుని నిలబడ్డాడు, వద్దప్పా, ఉండనీ అన్నాను, ఆయన కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి, నేను గుర్తు రాలేదు, రాకపోనీ, ఇంక అడగను, ఈయన నోటినుంచి నాకు రావాల్సిన మాట ఎప్పుడో వచ్చేసింది, ఊళ్లో ఆడవాళ్లంతా దాన్ని కట్టుకుని తిరిగారు, చూడనిది నేనొక్కదాన్నే.