గెట్టు కింది ఏడుపు

భూదేవికి చేను గెట్టు కింది నుంచి ఏడుపు వినపడుతుందన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఒక్క బిడ్డ ఏడుపైతే పోనీలే, కడుపుకోత కదా అని ఊరుకునేవాళ్లేమో. ఆవిడ ఇద్దరు ఏడుస్తారంటుంది! పుట్టింది ఒక్కడు, వారం తిరక్కుండా పోయింది ఆ ఒక్కడే. రెండోవాడు ఎక్కడినుంచి ఊడిపడ్డాడో అని ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. అత్త ఆగమ్మ బతికున్నన్నాళ్లూ తాయెత్తులు కట్టించింది. మొగుడు అంజన్న మాత్రం నవ్వలేదు, కసరలేదు. ఆవిడ ఉలిక్కిపడ్డప్పుడల్లా అది పిట్ట కూతేనని చెప్పి పక్కకు తిరిగేవాడు.

పళ్లు రాని బిడ్డను వాళ్లలో కాల్చరు. కొత్త కుండలో పెట్టి సొంత గెట్టులోనే పూడుస్తారు. అలా చేస్తే దారి తప్పకుండా మళ్లీ ఆ ఇంటికే వస్తారని నమ్మకం. భూదేవి బాలింత జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉంటే ఆగమ్మా అంజన్నా ఇద్దరే ఆ పని చేసి వచ్చారు. గుర్తుకు పెట్టిన రాయి ఏ వానకో కొట్టుకుపోయింది. ఆ ఇంటికి మళ్లీ ఎవరూ రాలేదు.

ఇప్పుడు చేనే పోతోంది. పక్కనున్న ఉప్పర్వాహి వైపు సిమెంటు ఫ్యాక్టరీ పొగ లేచిన నాటినుంచి కోర్పనా తాలూకాలో సున్నపురాయి నేలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. కొత్తగా వచ్చిన కంపెనీ ఒకటి వీళ్ల చేను కూడా కొన్నది. రేపో మాపో బుల్డోజర్లు దిగుతాయి, ఆ వెనకే మందు పెట్టి బండ పేలుస్తారు. ఈలోగా బిడ్డను తీసుకెళ్లి ఇంటి దొడ్లో పెట్టుకోవాలి, అదొక్కటే భూదేవి పంతం. గెట్టంతా తవ్వుదామంటే గడ్డపార తగిలి కుండ పగులుతుందని భయం.

అంతలో కంపెనీ తరఫున సర్వేకి సంజీవ్ వచ్చాడు. బల్లార్పూర్ బొగ్గుగనుల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ల పిల్లవాడు, నాగ్‌పూర్‌లో చదివాడు. చక్రమున్న పెట్టెను నేల మీద లాగుతుంటాడు. అది భూమిలోకి అలలు పంపుతుంది. లోపల దేనికైనా తగిలి తిరిగొచ్చిన అల కంప్యూటర్ తెర మీద గీతగా పడుతుంది. బండ ఎంత లోతులో ఉందో అలా చెబుతాడు. నాలుగు రోజులు గుడ్లప్పగించి చూసిన భూదేవి, అంబలి చెంబుతో వెళ్లి తన గోడు చెప్పుకుంది. అతను కాసేపు తటపటాయించి, తాగిన చెంబు కింద పెట్టి సరేనన్నాడు.

బండ కోసమైతే లోతుకు చెవి పెట్టాలి, కుండ కోసమైతే పైపైన వింటే చాలునట. పెద్ద పెట్టె విప్పి చిన్నది బిగించాడు. అల తిరిగొచ్చేదాకా ఆగే సమయం తగ్గించాడు. ఎండిన గరుసు నేల కాబట్టి అల ఎంత వేగంగా పోతుందో ఆ లెక్క మార్చాడు. నీరసంగా వచ్చే అలలను కాస్త పెంచి చూపించమని మిషన్‌కు చెప్పాడు. అంజన్న చంకలో చిన్న మూటతో దూరంగా నిలబడ్డాడు. కుండకు చుట్టడానికి కొత్త బట్ట తెమ్మని పొద్దున్నే భూదేవి అతన్ని అంగడికి పంపింది.

గెట్టు పొడుగునా పెట్టె నడిచింది. తుమ్మ మొదలు దాటాక తెర మీద మసకగా ఒక మచ్చ పడింది. దొరికిందమ్మా అన్నాడు సంజీవ్. ఎంతమంది అని అడిగింది భూదేవి. ఒక్కటే అన్నాడు.

ఆవిడకు దొరికాడన్న సంతోషం కూడా మిగల్లేదు. అయితే ఇన్నేళ్లూ ఊరన్నదే నిజం, తనకు పిచ్చే! అంజన్న వైపు చూస్తే అతను తుమ్మచెట్టును చూస్తున్నాడు.

"ఇంకొక్కసారి ఇను బిడ్డా," అంది. "ఇద్దరు ఏడుస్తరు. నేను కన్నతల్లిని, నాకు తెల్వదా?"

ఆవిడ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక సంజీవ్ మళ్లీ తెర ముందు కూర్చుని, పెట్టిన లెక్కలన్నీ పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. ఒకచోట నాలుక కరుచుకున్నాడు. అన్నీ మార్చాడు గానీ, చక్రం ఎంత దూరం దొర్లితే ఒక అల పోవాలన్నది మాత్రం బండ లెక్కలోనే వదిలేశాడు. అడుగుకొక్క అల. ఆ సందులో పక్కపక్కనున్నవి రెండైనా ఒకటే మచ్చగా పడతాయి. వేలెడు దూరానికి ఒక అల పోయేలా దిద్ది, పెట్టెను వెనక్కి తెచ్చి మెల్లగా లాగాడు.

మచ్చ విడిపోయింది. వంగిన గీతలు రెండు, ఒకదాని పక్కన ఒకటి, తెర మీద నిలిచాయి.

భూదేవి ఏడవలేదు. తెర మీంచి కళ్లు తిప్పి మొగుడి చంకలో మూటను చూసింది. అంజన్న దాన్ని కింద పెట్టి ముడి విప్పాడు. అందులో కొత్త బట్టలు రెండున్నాయి. ఆవిడ తెమ్మన్నది ఒక్కటే.

"పెద్దోడు పుడుతనే పోయిండు," అన్నాడు అంజన్న. "నీకు సోయి లేకుండె. ఒకన్ని సూసుకుంటనన్న బతుకుతది, చెప్పొద్దని అమ్మ నాతోని ఒట్టు పెట్టించుకున్నది. వారానికి వాడు గూడ పాయె. ఇగ ఏ నోటితోని చెప్పాలె?"

తాయెత్తులు కట్టినప్పుడూ, ఊరు నవ్వినప్పుడూ ఈ మనిషి పక్కనే ఉన్నాడు. మీద పడి కొట్టాలన్నంత కోపం వచ్చింది భూదేవికి. కొట్టలేదు. ఇన్నేళ్లుగా అడగని మాట అడిగింది.

"నీకు గూడ ఇనబడేదా?"

"ఇద్దరిదీ," అన్నాడు.

భూదేవి ఒక బట్ట తీసుకుంది. రెండోది అతని చేతిలో పెట్టింది. ఇద్దరూ గెట్టు మీద ఎదురెదురుగా కూర్చుని చేతుల్తో మట్టి తీయడం మొదలుపెట్టారు. మండుటెండలో ఏ కొమ్మ మీదా పిట్టన్నది లేదు. కాసేపటికి ఆవిడ చేతులు ఆగాయి, అతనివీ ఆగాయి. ఇద్దరూ తలలు వంచి వింటున్నారు. సంజీవ్‌కు మాత్రం ఏమీ వినపడలేదు. అంజన్న ఈసారి పిట్ట అనలేదు.