తప్పు వైపు చెక్కిన పిడి

అన్న ఆ రంపాన్ని పాత ఇనుప సామాన్ల బండిలోకి విసరబోతుంటే చెల్లెలు మణికట్టు పట్టుకుని ఆపింది. అది తాత రంపం. ఆయన్ని వాళ్ళిద్దరూ చూడలేదు గానీ, తాత కోత దారం పట్టినట్టుండేదని అన్న వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెబుతాడు. వడ్రంగం కొట్టు ఇప్పుడు అన్నదే. చెల్లెలికి వార్నిషు పని తప్ప పనిబల్ల దక్కలేదు. ఆమెది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో కోస్తే కోత వంకర పోతుందని అన్నకు గట్టి నమ్మకం.

"నడుం వంగింది, పళ్ళూడాయి. దీనికింకా వైద్యమేంటే?"

"సాయంత్రం దాకా ఆగన్నయ్యా. కోత గీత మీద నిలవకపోతే నేనే పారేస్తా. నిలిస్తే మాత్రం కిటికీ పక్క బల్ల నాది."

అన్న నవ్వి సరేనన్నాడు. వదిన చెల్లెలి వార్నిషు కుంచె తను అందుకుంది.

కిరసనాయిలు పోసి రుద్దితే తుప్పు పైపైనే ఉందని తేలింది. చెల్లెలికి సగం ప్రాణం లేచొచ్చింది. వంగిన రేకును దాగలి దిమ్మ మీద పెట్టి, బుజ్జగిస్తున్నట్టు చిన్న సుత్తితో కొట్టి తిన్నగా చేసింది. విరిగిన పళ్ళ లోతుకు వరసంతా ఆకురాయితో అరగదీసి, కొత్త పళ్ళు కోసి, ఒకటి అటూ ఒకటి ఇటూ వంచింది. చివరికి పిడి చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. ఏళ్ళ తరబడి బొటనవేలు ఆని అరిగిన గుంట కుడివైపు ఉంది. ఎడమచేత్తో పట్టుకుంటేనే వేలు అందులో కూర్చుంటుంది. అన్న ఒకప్పుడు పిడిని బాగుచేస్తున్నానంటూ ఆ అంచునే చెక్కేశాడు. అక్కడ చెక్కముక్క అతికించి, ఎండలో ఆరబెట్టి, తన అరచేతికి నునుపు చేసుకుంది.

మొదటి కోత కుడికి లాగింది. చెప్పానా అన్నట్టు అన్న తలాడించాడు. ఆమె కుడివైపు ఎక్కువ వంగిన పళ్ళ మీద సానరాయి ఒక్కసారి తేలిగ్గా నడిపింది. రెండో కోత గీత వదల్లేదు.

అన్న రంపం లాక్కుని తనూ కోశాడు. వంకర పోయింది.

"పిడి కుదర్లేదే."

"తాతది ఎడమచేతి వాటం, అన్నయ్యా. నువ్వు తప్పు వైపు చెక్కావు."

అన్న ఆ గుంటను చాలాసేపు తడిమాడు. మాట ప్రకారం బల్ల తీసుకోమన్నాడు. పని ఇచ్చేవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం కుడిచేత్తో కొయ్యమన్నాడు, కొట్టు పరువు పోకుండా.

చెల్లెలు బల్ల అంచు పట్టుకుంది. రెండో అంచు వదిన పట్టుకుంది. ఇద్దరూ దాన్ని కిటికీ పక్క నుంచి ఈడ్చి, వీధి గుమ్మానికి ఎదురుగా వేశారు. చెల్లెలు కొత్త చెక్క మీద గీత గీసి, ఎడమచేత్తో రంపం అందుకుంది.