నార్మల్ వచ్చినందుకు

నా గొంతు పరీక్షలన్నీ నార్మల్ వచ్చినందుకు మా ఆయన మధుసూదన్ కోవా తెచ్చాడు. మెత్తటిదే. అయినా ఎప్పటిలాగే గొంతులో ముద్దలా ఆగింది. నీళ్లు తాగి దించాను.

"లోపల ఏమీ లేదంట కదమ్మే, ఇంగేం నొప్పి? మింగు," అంది అత్త అనసూయమ్మ. కడప నుంచి వచ్చి మా దగ్గరే ఉంటుంది.

"ట్యూబు వేసి చూశారమ్మా. అంతా తన తలకాయలోనే ఉంది," అన్నాడాయన, నేనక్కడ లేనట్టు.

ఏమీ లేదన్నందుకు అందరూ సంతోషించారు. రోగానికో పేరుంటే కనీసం ఎలా ఉందని అడిగేవాళ్లేమో. ఇక అదీ లేదు.

గొంతు డాక్టరే నన్ను మనసు సంగతులు చూసే కౌన్సెలర్ జాయ్స్ గారి దగ్గరికి పంపింది. వీడియో కాల్‌లో మాట్లాడాలి. నిజాంపేటలో మా ఫ్లాటుకు మూడు గదులు. ఒకటి పగలంతా ఆయన ఆఫీసు. టీ ఇవ్వాలన్నా తలుపు తట్టాలి. ఒకటి అత్తది, ఒకటి పాపది. నాదీ ఐటీ ఉద్యోగమే. కోకాపేట ఆఫీసుకు వెళ్లని రోజుల్లో నా ల్యాప్‌టాప్ పొయ్యి పక్కన ఉంటుంది. మీటింగులో నోరు తెరవబోతే కుక్కర్ విజిల్ వేస్తుంది. మ్యూట్ నొక్కి, మాట మింగేసి, పప్పు దించుతాను. తిరిగొచ్చేసరికి నేను చెప్పాలనుకున్నది ఇంకెవరో చెప్పి మెప్పు పొందుతుంటారు.

అందుకే సెల్లార్‌లో కారెక్కి, అద్దాలు మూసుకుని జాయ్స్ గారికి కాల్ చేశాను.

"మీ నొప్పి నిజమేనండి. పరీక్షల్లో కనపడనంత మాత్రాన అబద్ధం కాదు," అందామె మొదటే.

కాసేపు ఏడ్చాను. ఆమె ఆపమనలేదు.

"ఇప్పుడెలా ఉంది?"

మింగి చూశాను. దిగింది. "ఇక్కడ అంతగా లేదు మేడం."

"ఇక్కడంటే? చీకటిగా ఉందేంటి?"

"కార్లో ఉన్నా. కింద సెల్లార్‌లో."

"ఇంట్లో గది లేదా?"

"మూడున్నాయి."

"మీదేదండి?"

వేళ్ల మీద లెక్కపెట్టాను: ఆయనది, అత్తది, పాపది.

సోమవారం ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆయన బల్ల మీద నా ల్యాప్‌టాప్ ఉంది.

"ఏంటిది? నాకు కాల్ ఉంది."

"నాకూ ఉంది."

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

"పొయ్యి పక్కన ప్లగ్గుంది. కుక్కర్ పెట్టాను. మూడు విజిల్స్ వస్తే ఆపండి."

తలుపు వేసి లోపల గడియ పెట్టుకున్నాను. బయట అత్త ఏదో అంటోంది. మీటింగులో నా పేరు పిలిచారు. గొంతులో ఆ ముద్ద అలాగే ఉంది. దానితోనే మొదలుపెట్టాను.

వంటింట్లో కుక్కర్ మూడోసారి కూసింది. నేను మాట ఆపలేదు.