తడపని కాన్వాసు

దుకాణం అరల నిండా గుడ్డ తానులు పేర్చి ఉన్నాయి, నేల మీద మాత్రం చీలమండ లోతు నీళ్ళున్నాయి, అయినా నేను ఆ నీళ్ళని పట్టించుకోకుండా, సైకిల్ క్యారియర్‌కి రెండు పక్కలా వేలాడదీసే సంచులు కుట్టుకోవాలి, గట్టి గుడ్డ చూపించండి అని అడుగుతున్నాను. బల్లకి అవతల తాను విప్పుతున్న మనిషి మా ఆయన. ఆయన పోయి ఏడాది అయిందని నాకు తెలుసు, గోదావరి కాలువ లాకుల దగ్గర తలుపులు తీసి మూసే ఉద్యోగం చేసిన మనిషి ఇక్కడ గుడ్డలమ్మడం ఏమిటన్న సందేహం మాత్రం రాదు, దుకాణం కట్టేసేలోగా గుడ్డ తేల్చుకోవాలన్న కంగారే ఉంది.

"రెక్సిన్ చూడు," అంటారు.

"ఎండకి పగిలిపోతుందని మీరేగా అన్నారు."

"పోనీ గొడుగు గుడ్డ?"

"ఏ ముళ్ళకంపో తగిలితే చిరుగుతుంది."

"జీన్సు గుడ్డ?"

"తడిస్తే బండెడు బరువు. ఆదివారం అంతర్వేది దాకా తొక్కాల్సింది నేనొక్కదాన్నేనండి, మీరు కాదు."

నేనిలా విసుక్కుంటే ఆయనకి ఎప్పుడూ నవ్వొచ్చేది. ఇప్పుడు నవ్వకుండా నా చంక వైపు చూస్తారు, అప్పటికిగాని నా చంకలో ఒక గుడ్డ మడత ఉన్న సంగతి నాకే తెలియదు. అది ఆయన కాకినాడ నుంచి తెచ్చిన ఖాకీ కాన్వాసు. ఈ సంచుల కోసమే తెచ్చారు, ఇద్దరం కాలవగట్టు పట్టుకుని గోదావరి సముద్రంలో కలిసేచోటి దాకా సైకిళ్ళ మీద పోదామని ఎన్నాళ్ళ నుంచో ఊరించారు, ఈ గుడ్డని ముందు తడిపి ఆరేసి ఆ తర్వాతే కత్తిరించాలి, ఆదివారం నేనే తడుపుతాను అన్నారు, ఆ ఆదివారం రాకుండానే ఆయన గుండె ఆగిపోయింది.

"ఇది ఉండగా దుకాణాలెందుకు తిరుగుతున్నావు?"

"ఇది మీ అమ్మగారి దగ్గరుంటుంది. తలకింద పెట్టుకుని పడుకుంటున్నారు, దీని మీద కత్తెర పడనివ్వనన్నారు."

"మా అమ్మ సంగతి సరే. నువ్వెందుకు తడపలేదు?"

నాకు ఏడుపు కన్నా ముందు కోపం వస్తుంది. "తడిపితే గంజి పోతుంది, మీరు వేసిన మడతలు పోతాయి, తర్వాత అందరి గుడ్డలాంటి గుడ్డే అవుతుంది," అని గట్టిగా అంటుండగానే అరలు పైకి లేచి నాచు పట్టిన రాతిగోడలవుతాయి, ముందొకటి వెనకొకటి పెద్ద చెక్క తలుపులు మూసుకుని ఉంటాయి, బల్ల ఎటుపోయిందో ఏమో, ఆయన గట్టు మీద నిలబడి ఇనప చక్రం తిప్పుతుంటారు, నేను అడుగున, మోకాళ్ళ లోతు నీళ్ళలో. ఈ చోటు నాకు తెలుసు, ఆయన పనిచేసిన లాకు. పెళ్ళయిన కొత్తలో నన్ను తీసుకొచ్చి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ సమం అయితేగాని ఈ తలుపు తెరుచుకోదు తాయారూ అని చూపించారు. ఇప్పుడాయన నీళ్ళు వదులుతున్నారు, నీళ్ళు సమమైతే ఆ తలుపులోంచి వెళ్ళిపోయేది ఆయనేనని ఎవరూ చెప్పకుండానే నాకు తెలుస్తుంది.

"ఆపండి," అంటాను.

"నా చేతిలో లేదు."

"తడపకుండా కుడితే ఏమవుతుందట?"

"మొదటి వానకే ముడుచుకుపోతుంది. కుట్లు లాగేసి సంచి వంకరపోయి చక్రంలో పడుతుంది. నువ్వు రోడ్డు మీద పడతావు."

"అయితే వెళ్ళను."

"మానెయ్. మరి పొద్దున్న బజారుకెళ్ళి ఉత్తి చేతులతో ఎందుకొచ్చావు?"

నీళ్ళు నడుము దాటి గుండెల దాకా వస్తాయి. కాన్వాసుని నెత్తి మీదికి ఎత్తి రెండు చేతులా పట్టుకుంటాను. ఆయన గట్టు మీద నుంచి వంగి చెయ్యి చాపుతారు, నన్ను పైకి లాగడానికే అనుకుంటాను, ఆ చెయ్యి గుడ్డ వైపు వస్తుంది, నేను ఇంకా పైకి ఎత్తుతాను, భుజాలు తెగిపోయేలా ఉన్నాయి, ఎక్కడో అత్తయ్య దగ్గు వినిపిస్తోంది.

"చేతులు దించు తాయారూ."

"దించను."

"నొప్పెడుతున్నాయి కదా."

"పెట్టనివ్వండి. ఇది తడిస్తే మీరు వెళ్ళిపోతారు."

నీళ్ళు గడ్డాన్ని తాకుతున్నాయి.

"నేను వెళ్ళి ఏడాదయింది," అంటారు, పడవవాళ్ళకి టైము చెప్పినట్టు మామూలుగా. తలుపు కిర్రుమంటుంది.

కళ్ళు తెరిస్తే మధ్యాహ్నం ఎండ గుమ్మంలో పడుతోంది. చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను, రెండు చేతులూ తలపైకి చాచి ఉన్నాయి, భుజాల దాకా తిమ్మిరెక్కి కిందికి రావడం లేదు. నీళ్ళ చప్పుడు మాత్రం ఆగలేదు. అత్తయ్య మంచం ఖాళీగా ఉంది, తల పెట్టుకునే చోట ఏమీ లేదు.

పెరట్లోకి పరుగెత్తాను. అత్తయ్య పీట మీద కూర్చుని, కుళాయి కింద తొట్టిలో కాన్వాసుని పిడికిలితో అదుముతున్నారు. లోపల చిక్కిన గాలికి ఉబ్బి అది పైకి లేస్తోంది, ఆవిడ మళ్ళీ అదుముతున్నారు. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి.

"అత్తయ్యా, ఇదేంటండి," అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. "పొద్దున్న ఉత్తి చేతులతో వచ్చావు. ఆ మొహం చూళ్ళేకపోయాను. తడపకుండా కత్తెర పెట్టకూడదని వాడు నీకు చెప్పలేదా?"

"చెప్పారండి."

"మరింకేం," అని గుడ్డని బయటికి లాగి ఒక చివర నా వైపు చాపారు. "పట్టుకో. పిండటం నా ఒక్కదాని వల్ల కాదు."

చేతుల్లో తిమ్మిరి ఇంకా పోలేదు. అయినా పట్టుకున్నాను. ఆవిడ అటు, నేను ఇటు మెలితిప్పుతుంటే ఖాకీ నీళ్ళు మా ఇద్దరి పాదాల మీదా పడ్డాయి.